మళ్ళొకసారి చెప్పు బిడ్డా

మా మేనకోడలి కూతురు ఈ మధ్యే పిల్లల రక్షణ విభాగంలో ఉద్యోగానికి చేరింది. మొదటి వారం శిక్షణలో వాళ్ళకు ఒక నియమం చెప్పారట. దెబ్బలు తిన్న పిల్లని ఒక్కరే అడగాలి, ఒక్కసారే అడగాలి, ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే తీసుకోవాలి అని. "ఎందుకట?" అని అడిగాను. "అట్లా రూల్ ఉంది అమ్మమ్మా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు, ఆమెకు నేర్పినవాళ్ళ మీద.

రూలు ఊరికే పుట్టదు. జహీరాబాద్‌లో మాకు ఆ రూలు ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. ఆ రోజు ఆమెను కూర్చోబెట్టి చెప్పిందే ఇప్పుడు రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్లు, నేను రాసిన రిపోర్టులు ఇందులో ఉండవు. వాటి మీద నాకే ఆసక్తి లేదు, చదివేవాళ్ళకు ఎందుకుంటుంది?

ఆ పని ఎట్లా ఉండేదంటే

నేను సోషల్ వర్క్‌లో పీజీ చేసి డెబ్భైల్లో పిల్లల కేసులు చూసే ప్రొబేషన్ ఆఫీసరుగా చేరాను. మాది జహీరాబాదే. మా నాయనకు బజారులో కిరాణా దుకాణం ఉండేది. తాతలు బీదర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు, అందుకని ఇంట్లో కన్నడం, గడప దాటితే తెలుగు, దుకాణం మెట్లెక్కితే ఉర్దూ. ఆ మూడు భాషలూ నాకు నా డిగ్రీకంటే ఎక్కువ పనికొచ్చాయి.

ఉద్యోగంలో సగానికి పైగా ఎదురుచూపే. పోలీసు స్టేషన్ బెంచీ మీద, కోర్టు వరండాలో, దవాఖాన గుమ్మం దగ్గర, న్యాల్‌కల్ బస్సు కోసం ఎర్రటి దుమ్ములో. మిగిలిన సగం, మనం వచ్చినందుకు ఏమాత్రం సంతోషం లేని ఇళ్ళలో కూర్చుని చాయ్ తాగడం. తాగకపోతే వాళ్ళు మనల్ని పగవాళ్ళలా చూస్తారు. తాగితే చుట్టమైపోతాం. చుట్టమయ్యాక వాళ్ళ మీదే కేసు నడపాలి. ఈ చిక్కుకు ఉపాయం ఎవరూ నేర్పలేదు, నాకూ దొరకలేదు.

నా మొదటి పై ఆఫీసరు మంచి పనిమంతుడే కానీ ఒక్క విషయంలో మొండి. "పిల్లల్ని ఏం అడుగుతవమ్మా, వాళ్ళు నోటికొచ్చింది చెప్తరు. పెద్దమనుషుల్ని అడుగు" అనేవాడు. కోహీర్ దగ్గర ఒక ఊళ్ళో నడుము మీద కమిలిన గుర్తులున్న పిల్లవాణ్ణి, పెద్దమనుషుల మాట విని, గోడ మీంచి పడ్డాడని తేల్చి పంపేశాడు. ఆ పిల్లవాడు మా గదిలోనే ఉన్నాడు. ఒక్కరూ వాడి వైపు తిరిగి "ఏమైందిరా" అనలేదు. అట్లాంటి రోజులవి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చిన మనిషిని మేమంతా ఎందుకు నెత్తిన పెట్టుకున్నామో తెలియాలి.

ప్రొఫెసర్ గారు

ఎనభైల మొదట్లో హైదరాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థ, అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ కోసం ఒక పీజీ డిప్లొమా పెట్టింది. చిక్కు కేసుల్లో డాక్టరు ఒక మాట, పోలీసు ఒక మాట, బడి పంతులు ఒక మాట అంటుంటే మధ్యలో పిల్లలు నలిగిపోతున్నారని, వాళ్ళందరినీ ఒక్క క్లాసులో కూర్చోబెట్టాలని ఆలోచన. పాఠాలు నగరంలో, పని నేర్చుకోవడం బయటి ఊళ్ళో. ఆ ఏడు మా ఊరిని ఎంచుకున్నారు. కర్ణాటక సరిహద్దు పక్కన కేసులు ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టుకుని ఉంటాయి, రెండు వైపుల పోలీసులూ మాది కాదంటారు. నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే కష్టమైన చోటు దొరకదు. బొంబాయి రోడ్డు వెనక ఒక అద్దె ఇంటి హాల్లో క్లాసులు. లారీల హారన్లు ఆగినప్పుడు పాఠం వినిపించేది. ఫీల్డు పని చూసుకోవడానికి నన్ను పెట్టారు.

నడిపినాయన వాసుదేవమూర్తి గారు. కోస్తా నుంచి వచ్చిన సన్నటి మనిషి, నలిగిన ఖద్దరు చొక్కా. పిల్లలతో మాట్లాడాలంటే నేల మీద గొంతుక్కూర్చునేవాడు. నా సర్వీసులో ఇంకే ఆఫీసరూ అట్లా కూర్చోవడం నేను చూడలేదు. "పిల్ల చెప్పే మాటకు మించిన సాక్ష్యం లేదు. మనకు వినడం రాక అది లేదనుకుంటున్నాం" అని మొదటి రోజే చెప్పాడు. కోహీర్ పిల్లవాడు గుర్తొచ్చి నాకు ఆ రోజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన మంచివాడు. ముందు జరగబోయేది చదివేటప్పుడు ఈ మాట మరిచిపోవద్దు.

వాతలు

మా వైపు కామెర్లు వస్తే వాతలు పెట్టిస్తారు. ఇనుప కడ్డీనో గంటెనో ఎర్రగా కాల్చి ముంజేతి మీదో, బొడ్డు దగ్గరో అంటిస్తారు. నా ఎడమ ముంజేతి మీద కూడా ఒక మచ్చ ఉంది, మా నాయనమ్మ దగ్గరుండి పెట్టించింది. దాన్ని ఎవరూ క్రూరత్వం అనుకోరు. పిల్ల బతకాలని చేసే పని.

మా క్లాసులో డాక్టర్ రజియా ఉండేది, ఊళ్ళో సర్కారు దవాఖానలో పనిచేస్తూ చదువుకునేది. ఒకరోజు నన్ను పిలిపించింది. న్యాల్‌కల్ అవతలి పల్లె నుంచి నీలమ్మ అనే పిల్లను జ్వరమని తెచ్చారు. ఎనిమిదేళ్ళుంటాయేమో. తొడల వెనక వరసగా కాలిన మచ్చలు, కొన్ని పాతవి, ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది. తెచ్చినవాడు పిల్ల చిన్నాయన బస్వరాజు, పొలమున్న రైతు, నిమ్మళమైన మనిషి.

"కామెర్లయితె వాతలు పెట్టిచ్చినమమ్మా. మా దిక్కు అందరు పెట్టిస్తరు. మీకు తెల్వదా?" అన్నాడు. నాకు బాగా తెలుసు.

రజియా నన్ను పక్కకు తీసుకెళ్ళింది. "కామెర్లకు ఎవరైనా తొడల వెనక పెడతారా అక్కా? అది కనబడకుండా పెట్టే చోటు" అంది. నిజమే. కానీ మా ఊర్ల అక్కడే పెడతరని చెప్పే సాక్షులు కోర్టుకు బండెడు మంది వస్తారు. పిల్ల నోరు విప్పితే తప్ప ఆ కేసు నిలబడదు.

దవాఖాన వెనక మెట్ల మీద పిల్ల పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఏమీ అడగలేదు. ఆ పిల్ల కాలి బొటనవేలితో మట్టి గీకుతూ తనే చెప్పింది.

"లేగ ఇడ్సుకొని పోయి పాలన్ని తాగింది. నేనే సరిగ కట్టలే. చిన్నమ్మ గంటె కాల్చి పెట్టింది."

"అప్పుడు నీకు పానం మంచిగ లేకుండెనా?"

"మంచిగనే ఉండె."

అంతే. ఏడవలేదు, ఎక్కువ చెప్పలేదు. లేగను కట్టకపోవడం తన తప్పన్నట్టే చెప్పింది. అబద్ధమాడే పిల్ల తప్పు తన మీద వేసుకోదు.

నీలమ్మ తండ్రి పోయాక తల్లి మారుమనువు చేసుకుని బీదర్ దగ్గరి ఊరికి వెళ్ళింది. మా వైపు కట్టుబాటు ప్రకారం అట్లా వెళ్ళినామె పిల్లల్ని వెంట తీసుకుపోకూడదు. పిల్లలు తండ్రి ఇంటివాళ్ళు. ఆమె తిరిగి ఆ గడప తొక్కకూడదు. నేను వెతుక్కుంటూ వెళ్తే, కన్నడం కలిసిన తెలుగులో, నా ముఖం చూడకుండా మాట్లాడింది.

"నేను ఆ ఇంటికి పోరాదక్కా. నా పిల్లను జాతరల దూరంకెళ్ళి చూసుకుంట. కోర్టు ఇప్పిస్తె మాత్రం కండ్లకద్దుకొని తెచ్చుకుంట. మా ఆయన గూడ తెచ్చుకొమ్మన్నడు."

వాకిట్లో గోడకు సున్నం వేస్తున్న ఆమె భర్త వెనక్కి తిరిగి తలూపాడు. మంచి మనిషిలా కనిపించాడు. నేను తిరుగు బస్సులో చాలా సంతోషంగా వచ్చాను.

కాబట్టి విషయం ఇంతే. ఆ మచ్చలు వైద్యమని కోర్టు అనుకుంటే పిల్ల చిన్నాయన ఇంటికి, శిక్ష అనుకుంటే తల్లి దగ్గరికి. తేల్చాల్సింది నీలమ్మ మాట. విచారణ అయ్యేదాకా ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో ఉంచాం.

క్లాసులో

వాసుదేవమూర్తి గారు పిల్లను క్లాసుకు తెమ్మన్నారు. నేను వద్దన్నాను.

"సార్, ఆ పిల్ల చెప్పేసింది. ఇంక చాలు."

"మీరు విన్నారు కమలమ్మ గారూ. వీళ్ళు వినలేదు కదా. రేపు వీళ్ళు తలా ఒక ఊరికి వెళ్తారు. మెడిసిన్ వాళ్ళు రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకుంటారు. వినడాన్ని నేను బోర్డు మీద రాసి ఎట్లా నేర్పను?"

ఆయన అడిగినదాంట్లో తప్పు కనబడలేదు. ఇన్నేళ్ళూ పిల్లల్ని ఎవరూ అడగలేదని మొత్తుకున్న మనిషిని నేను. ఇప్పుడు అందరూ అడుగుతామంటే కాదనడానికి నోరు రాలేదు.

చాప వేసి నీలమ్మను కూర్చోబెట్టారు. ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, చుట్టూ విద్యార్థులు. ఎవరూ గద్దించలేదు. అంతా మెత్తగానే అడిగారు. ఒక బడి పంతులు అడిగితే లేగ సంగతి చెప్పింది. పక్కనామె "మళ్ళొకసారి చెప్పు బిడ్డా, నిమ్మళంగా" అంది. మళ్ళీ చెప్పింది. క్లాసులో ఉన్న ఎస్సై గారు, "గంటెనా, కడ్డీనా? బాగా గుర్తు తెచ్చుకో" అన్నాడు. ఇంకొకరు, చిన్నమ్మేనా, చిన్నాయన కూడా ఉన్నాడా అని. రజియా కూడా, అప్పుడు కళ్ళు పచ్చగా ఉన్నాయా అని అడిగింది. ఆమె డాక్టరు, అడక్కుండా ఎట్లా ఉంటుంది?

మొదట్లో టక్కున చెప్పిన పిల్ల రానురాను ఆగి ఆగి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరి ముఖమూ చూసి చెప్పేది. మర్నాటి క్లాసులో గంటె కొడవలైంది. ఆ తర్వాత పెట్టింది చిన్నాయన అంది. కొత్త మాట వచ్చినప్పుడల్లా అందరూ ముందుకు వంగేవారు, కలాలు గబగబా కదిలేవి. పాత మాటే చెబితే ఎవరో ఒకరు మళ్ళీ అడిగేవారు.

చాయ్ దగ్గర ప్రొఫెసర్ గారి ముఖం వెలిగిపోతోంది. "చూశారా, కొద్దికొద్దిగా తెరుచుకుంటోంది" అన్నారు. భయపడ్డ పిల్లలు అసలు సంగతి ఒకేసారి చెప్పరు, పొరలు పొరలుగా బయటపెడతారు అని మాకు పాఠం చెప్పారు. అది అబద్ధం కాదు, అట్లాంటి పిల్లల్ని తర్వాత నేనే ఎందరినో చూశాను. కానీ ఆ చాప మీద జరుగుతున్నది అది కాదు. చదువుకోని వాడైతే "ఈ పిల్ల మాట మారుస్తోంది" అని అప్పుడే పట్టుకునేవాడు. చదువుకున్నాం కాబట్టి మాకు అది పురోగతిలా కనిపించింది. ఈ పొరపాటు చేయాలంటే పీజీ చదవాలి.

కోర్టు

మేజిస్ట్రేటు గారు పిల్లను తన గదిలోకి పిలిపించుకున్నారు. ప్రొఫెసర్ గారు, నేను, బస్వరాజు తరఫు వకీలు, అంతే. ఆయన కూడా పిల్లలున్న మనిషి, కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగారు.

"కాలు మీద ఏమైందమ్మా?"

నీలమ్మ మెల్లగా, "లేగ పాలు తాగింది. చిన్నమ్మ గంటె కాల్చి పెట్టింది" అంది.

నా గుండె నిమ్మళించింది. మొదటి రోజు మెట్ల మీద చెప్పిన మాటే, అక్షరం తేడా లేకుండా.

లోపలి ఫ్యాను చప్పుడుకు ఆయనకు సరిగా వినబడలేదో, రూఢి చేసుకోవాలనుకున్నారో. "మళ్ళొకసారి చెప్పమ్మా" అన్నారు.

పిల్ల ఆయన ముఖం చూసింది. ప్రొఫెసర్ గారిని చూసింది. నన్ను చూసింది. నేను ఏమీ అనడానికి లేదు.

"కామెర్లయినయి" అంది.

ఆ తర్వాత వకీలుకు పెద్ద కష్టం లేకపోయింది. ఎస్సై గారికి కొడవలి అని, డాక్టరుకు గంటె అని, ఒకరికి చిన్నమ్మ అని, ఒకరికి చిన్నాయన అని చెప్పింది కదా అని వరసగా అడిగాడు. అన్నీ మేము సేకరించి ఫైలులో పెట్టినవే. "ఎవరు ఏది అడిగితే ఈ పిల్ల అది చెబుతోంది" అన్నారు మేజిస్ట్రేటు గారు, కొంచెం విసుగ్గా, కొంచెం జాలిగా. పిల్లను తండ్రి ఇంటికే పంపమన్నారు. అప్పుడప్పుడు వెళ్ళి చూసే అనుమతి మాత్రం నాకిచ్చారు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ గదిలో ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

వరండాలో పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ప్రొఫెసర్ గారు దగ్గరే నిలబడి ఉన్నారు.

"కామెర్లని ఎందుకు చెప్పినవు బిడ్డా?"

"మా బడిల సారు మళ్ళ చెప్పుమంటె, ముందుగాల చెప్పింది తప్పన్నట్టు. గన్నిసార్లు అడిగిన్రు గద. ఒప్పు ఏదో నాకు దొరకలే" అంది. నా ముఖం చూసి, "ఇప్పుడు చెప్పింది ఒప్పేనా?" అంది.

ప్రొఫెసర్ గారు పక్కకు తిరిగి కళ్ళద్దాలు తీశారు.

బస్వరాజు వచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. "మా అన్న బిడ్డమ్మా. మేం సాదుకోమా? గింత బద్నాం చేస్తిరి" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి, అవి దొంగ నీళ్ళు కావు. ఇంటి పిల్ల వీధిన పడిందని అతని బాధ. ఆ ఇంట్లో గంటె కాలినప్పుడు అతను పొలంలో ఉండి ఉంటాడు. అంతకుమించి తెలుసుకోవాలని కూడా అతనికి లేదు. ఇట్లాంటి మగవాళ్ళు నాకు తర్వాత చాలామంది తగిలారు.

తల్లి కోర్టు బయట కానుగ చెట్టు కింద నిలబడి ఉంది. చేతి సంచిలో కొత్త లంగా తెచ్చుకుంది, పిల్లకు తొడిగి తీసుకుపోదామని. తీర్పు ఎవరో చెప్పారు. బస్వరాజు పిల్లను తీసుకుని ఎదురుగానే నడిచి వెళ్ళాడు. ఆమె ఒక్క అడుగు ముందుకు వేయలేదు, పిలవలేదు. పిల్ల ఆమెను గుర్తుపట్టిందో లేదో కూడా నాకు తెలియదు. వాళ్ళు బస్సెక్కాక ఆమె నా దగ్గరికి వచ్చి ఆ సంచి నా చేతిలో పెట్టి, "మీరు పోయినప్పుడు ఇయ్యున్రి. ఎవరిచ్చిన్రో చెప్పకున్రి" అంది. నేను చచ్చినంత పనైంది.

రూలు

ప్రొఫెసర్ గారు కొన్నాళ్ళు క్లాసుకు రాలేదు. వచ్చాక పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టడం ఆగిపోయింది. ఎందుకు ఆపారో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. తర్వాతి బ్యాచీకి మొదటి పాఠంలోనే, "పిల్లని ఒకరే అడగాలి. ఒక్కసారే" అన్నారు. ఎవరో కుర్రవాడు కారణం అడిగితే, "అది రూలు" అని పాఠంలోకి వెళ్ళిపోయారు. నేను వెనక బెంచీలో ఉన్నాను. చెప్తారేమో అని చూశాను.

ఆయన మీద నాకు గౌరవం పోలేదు. ఆ రూలు వల్ల తర్వాత ఎందరు పిల్లలు బాగుపడ్డారో నేను చూశాను. కానీ రూలు చెప్పి పిల్ల పేరు మింగేయడం తప్పు. కారణం తెలియని రూలును తొందరలో ఉన్న మనిషి ఇట్టే పక్కనపెడతాడు. "ఇదొక్కసారికి ఏం కాదులే" అంటాడు. నీలమ్మ సంగతి తెలిసినవాడు అనడు.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. పిల్ల చెప్పేటప్పుడు మీ ముఖాన్ని జాగ్రత్తగా ఉంచుకోండి, ఆ పిల్ల చదివేది దాన్నే. "శభాష్" అనకండి. కలం కనబడనివ్వకండి. అర్థం కాకపోతే ఆ అర్థం కానిదాన్ని మీరే మోయండి. క్రూరుల్ని గుర్తుపట్టడం ఈ పనిలో పెద్ద కష్టం కాదు. మంచివాళ్ళ గుంపులోంచి పిల్లను కాపాడటం కష్టం.

ఆ ఊళ్ళో

వానలు వెనకబట్టాక నేను ఆ పల్లెకు వెళ్ళాను. కొత్త లంగా నా సంచిలో ఉంది. బస్వరాజు భార్య కల్లంలో పెసరకాయ ఎండబోస్తోంది. నన్ను చూసి చేతులు దులుపుకుంది. "రా అమ్మా, కూసో" అని నీలమ్మను పిలిచి, "మీరు మాట్లాడుకోన్రి" అని తనే పక్కకు పోయింది. నాకు అది నచ్చింది. నచ్చినందుకు నా మీద నాకే అనుమానం వేసింది.

నీలమ్మ పాదాల దాకా పాత పరికిణీ కట్టుకుంది. కాళ్ళు కనబడవు. చూపించమని అడగలేను. లంగా ఇస్తే తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఎవరిచ్చారని అడగలేదు.

"మంచిగున్నవా నీలమ్మా?"

"మంచిగున్న."

"కడుపు నిండ పెడ్తున్నరా?"

"పెడ్తున్నరు."

"కొడ్తున్నరా?"

"లేదు."

ముఖంలో ఏమీ లేదు. సంతోషమూ లేదు, భయమూ లేదు. నమ్మాలో వద్దో తెలియలేదు. అంత జరిగాక, అన్నీ తెలిసి కూడా, నా నోటి నుంచి వచ్చేసింది.

"నిజం చెప్పు బిడ్డా."

ఆ పిల్ల తలెత్తి నా ముఖం వైపు చూసింది.

"కొడ్తున్నరు" అంది.

నేను కదల్లేదు. రెప్ప కూడా వేయలేదనుకుంటాను. అయినా నా ముఖంలో ఏం కనిపించిందో, వెంటనే, "లేదు లేదు, కొడ్తలేరు" అంది. ఒళ్ళో ఉన్న లంగాను రెండు చేతులతో నలుపుతూ కాస్త దగ్గరికి జరిగి, చిన్నమ్మకు వినబడకుండా అడిగింది.

"ఏది చెప్పాల్నో నువ్వే చెప్పమ్మా. గదే చెప్త."

ఆ తర్వాత కూడా ఆ ఊరికి వెళ్తూనే ఉన్నాను, పెళ్ళయి నీలమ్మ ఆ ఇల్లు విడిచేదాకా. వెళ్ళిన ప్రతిసారీ మంచిగున్ననే అంది. ఆ ఇంట్లో ఆ పిల్ల ఎట్లా పెరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలుసుకోవడానికి ఒక్కటే దారి ఉండేది, దాన్ని మేమంతా కలిసి ఆ చాప మీదే మూసేశాం.